సూదులా, కొక్కెమా? పిల్లలున్న ఇంటికి ఏ అల్లిక మేలు

పిల్లలకు చేత్తో స్వెట్టరో, టోపీయో అల్లాలని కూర్చున్నవారు ఊలు కొనకముందే తేల్చుకోవలసిన సంగతి ఒకటుంది. రెండు పొడవాటి సూదులతో చేసే నిట్టింగా, చివర కొక్కెం ఉన్న ఒకే సూదితో చేసే క్రోషానా? మనవైపు రెండింటినీ కలిపి ‘ఊలు అల్లడం’ అనేస్తాం గానీ, చేతిలోకి తీసుకున్నాక వీటి తీరు వేరు, వాటితో తయారయ్యే గుడ్డ తీరు కూడా వేరు. నాకు రెండూ వచ్చు. ఏడేళ్ల కూతురు, రెండేళ్లు దాటిన కొడుకు ఉన్న ఇంట్లో రెండింటితోనూ తంటాలు పడ్డాను. పొయ్యి మీద పాలు పొంగుతుంటే మధ్యలో లేవవలసిన మనిషికి ఏది ఎక్కువ పనికొస్తుందన్నదే ఇక్కడ నా కొలబద్ద. తీరికగా గంటసేపు కూర్చునే వీలున్నవారికి ఈ తూకం మరోలా తేలవచ్చు.

క్రోషా నాకు అత్తగారింటి నుంచి వచ్చింది. ఆవిడది నరసాపురం దగ్గరి పల్లె. పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన లేసు అల్లిక గోదావరి డెల్టాలోని ఆ ఊళ్లలో ఆడవాళ్ల ఇంటిపనిగా స్థిరపడింది; 2024లో నరసాపురం క్రోషా లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. అత్తయ్య సన్నటి నూలు దారంతో, కళ్లు టీవీ సీరియల్ మీద పెట్టి, మూర లేసు అవలీలగా అల్లేస్తుంది. సూదుల పని మాత్రం హైదరాబాద్‌లో మా పక్క ఫ్లాటులో ఉండే లూధియానా ఆంటీ దగ్గర నేర్చుకున్నాను. చలికి ఒంటిని పట్టి ఉండే ఊలు స్వెట్టరు కావలసిన చోట నుంచి ఆవిడ వచ్చింది. ఉక్కపోసే తీరంలో, ఎగుమతికి వెళ్లే బల్లగుడ్డలూ అంచులూ అల్లే చోట నుంచి అత్తయ్య వచ్చింది. ఎవరి పనిముట్టు ఎందుకు మేలో ఇద్దరూ వాదించుకుంటుంటే వినడం నాకు మంచి కాలక్షేపం, ఎందుకంటే ఒకరికి తెలుగు, ఒకరికి హిందీ మాత్రమే వచ్చు.

ముందుగా, పని మధ్యలో ఆగిపోవడం గురించి చెబుతాను. సూదుల అల్లికలో వరుసలోని కుట్లన్నీ తెరిచిన ఉచ్చుల్లా సూది మీదే కూర్చుని ఉంటాయి. సూది జారిందంటే అవన్నీ ఒకేసారి దిక్కులేనివైపోతాయి. క్రోషాలో ఎప్పుడు చూసినా తెరిచి ఉండేది ఒక్క ఉచ్చే; మిగతావన్నీ అప్పటికే ముడిపడి ఉంటాయి. పోయిన నవంబరులో అమ్మాయికి స్వెట్టరు వెనక భాగం అల్లుతున్నాను. మొత్తం 76 కుట్లు, చంకల దాకా వచ్చింది. కుక్కరు కూత పెడితే వంటింట్లోకి వెళ్లి రెండు నిమిషాల్లో తిరిగి వచ్చేసరికి పిల్లవాడు సూది లాగేసి, దానితో ప్లాస్టిక్ బకెట్టు మీద డప్పు వాయిస్తున్నాడు. అల్లిక సోఫా మీద వెల్లకిలా పడి ఉంది. అయిదు కుట్లు కింది వరుసల్లోకి నిచ్చెన మెట్లలా జారిపోయాయి. వాటిని ఒక్కొక్క మెట్టే పైకి ఎక్కించి, మిగతా ఉచ్చులను తిరిగి సూదికి గుచ్చేసరికి గంటన్నర పట్టింది. మెట్లు ఎక్కించడానికి నాకు ఉపయోగపడింది క్రోషా సూదే కావడం చూసి అత్తయ్య ఊరుకుంటుందా, “మా దాంట్లో అయితే పోయేది ఒక్క ముడే కదమ్మాయ్” అంది.

ఆవిడ మాటలో నిజముంది కానీ పూర్తిగా కాదు. క్రోషాలో దారం కొస పట్టి పిల్లలు లాగితే వరుసలకు వరుసలు క్షణాల్లో ఊడి వచ్చేస్తాయి. అయితే ఆ నష్టం శుభ్రంగా ఉంటుంది: చివర మిగిలిన ఒక్క ఉచ్చును పట్టుకుని అక్కడి నుంచి మళ్లీ మొదలుపెట్టవచ్చు, వెతుక్కోవలసిన కుట్టేదీ ఉండదు. లేచి వెళ్లేముందు ఆ ఉచ్చుకు ఒక పిన్నీసు తగిలిస్తే అదీ ఊడదు. సూదులకు ఇంత తేలికైన ఉపాయం లేదు. మొనల దగ్గర రబ్బరు బ్యాండు గట్టిగా చుట్టడం, లేదా రెండు సూదుల మధ్య వైరు ఉండే గుండ్రటి సూదులు కొని, కుట్లను వైరు మధ్యకు నెట్టి ఉంచడం మంచిది. పిల్లలున్న ఇంట్లో పొడవాటి తిన్నని సూదుల జత కంటే ఈ వైరు సూదులే నయమని నా గట్టి అభిప్రాయం. సోఫా సందులో మొన పైకి ఉండిపోయిన సూది మీద కూర్చున్న అనుభవం ఒక్కసారి అయితే ఎవరూ నాతో విభేదించరు. స్టీలు సూదుల మీద కన్నా వెదురు సూదుల మీద కుట్లు కాస్త నెమ్మదిగా జారతాయన్నది కూడా చూసుకోవాలి.

కాబట్టి అంతరాయాల పరీక్షలో క్రోషాదే పైచేయి. అంతటితో ఆగితే ఈ వ్యాసం కూడా ఇక్కడే ఆగిపోయేది. కానీ గుడ్డ సంగతికి వచ్చేసరికి కథ తిరగబడుతుంది.

ఒకే ఊలుతో, ఒకే మందం సూదులతో 15 సెంటీమీటర్ల చదరాలు రెండు అల్లి వంటింటి త్రాసులో తూచాను. నిట్టింగ్ చదరం 12 గ్రాములు తూగింది, క్రోషా చదరం 17 గ్రాములు. క్రోషా కుట్టు ఒకదాని చుట్టూ ఒకటి మెలి తిరుగుతుంది కనుక దారం ఎక్కువ మింగుతుంది, గుడ్డ దళసరిగా వస్తుంది, లాగితే పెద్దగా సాగదు. సూదుల గుడ్డలో ఉచ్చు ఉచ్చులోంచి దూరి వస్తుంది కనుక అది బనీనులా సాగి మళ్లీ యథాస్థితికి వస్తుంది. నిజానికి బనీను కూడా యంత్రంతో చేసిన నిట్టింగే. పసిపిల్లల తల ఒంటితో పోలిస్తే పెద్దదిగా ఉంటుంది కనుక మెడ దగ్గర సాగని స్వెట్టరు తొడగాలంటే ఏడుపు తప్పదు. మావాడి మొదటి శీతాకాలానికి నేను క్రోషాతో అల్లిన నీలం స్వెట్టరు చూడటానికి ముచ్చటగానే ఉండేది, కానీ తొడిగితే మోచేతులు పూర్తిగా మడవలేక బొమ్మలా చేతులు చాచి నిలబడేవాడు. మెడకు బొత్తాలు పెట్టి ఆ ఒక్క ఏడాది గడిపాను. అదే ఊలుతో సూదుల మీద అల్లి ఉంటే రెండో ఏడు కూడా పట్టి ఉండేది.

రెండో ఏడు అన్నాను కనుక ఎదుగుదల గురించి కాస్త నిలిచి చెప్పాలి, ఎందుకంటే పిల్లల బట్టలకు అసలు సమస్య అదే. రెండు నెలలు కష్టపడి అల్లింది నాలుగు నెలల్లో పొట్టిదైపోతే ప్రాణం ఉసూరుమంటుంది. సూదుల మీద స్వెట్టరును రెండు పద్ధతుల్లో అల్లవచ్చు. కింది అంచు నుంచి మొదలుపెట్టి ముందు భాగం, వెనక భాగం, చేతులు విడివిడిగా అల్లి చివర కుట్టి కలపడం పాత పద్ధతి. ఆంటీ నాకు మొదట నేర్పింది అదే. మెడ దగ్గర మొదలుపెట్టి, భుజాల మీదుగా వెడల్పు చేసుకుంటూ, వైరు సూదుల మీద గుండ్రంగా కిందికి దిగడం ఇంకొకటి. చేత్తో అల్లిన గుడ్డ ముగించిన కొస నుంచే సులువుగా ఊడుతుంది, మొదలుపెట్టిన అంచు నుంచి ఊడదు. అందువల్ల కింది నుంచి అల్లిన స్వెట్టరును తర్వాత పొడవు చేయడం పెద్ద తలనొప్పి. మెడ నుంచి అల్లినదానికి ముగింపులన్నీ నడుము దగ్గరా, మణికట్టు దగ్గరా ఉంటాయి. ఆ అంచు ఒక్కటీ విప్పి, మూడు నాలుగు అంగుళాలు అల్లి, తిరిగి ముగిస్తే మరో శీతాకాలం గడుస్తుంది. ఇందుకోసం అదే ఊలు ఒక ఉండ ముందే ఎక్కువ కొని దాచుకోవాలి, ఎందుకంటే అదే పేరు, అదే రంగు అన్నా కొత్తగా వచ్చిన సరుకు రంగు ఛాయ కాస్త తేడాగా ఉంటుంది. కాగితం చుట్ట మీద రంగుతో పాటు ఉండే లాటు నంబరు చూసి కొనమనేది ఇందుకే. పాత పద్ధతికీ ఒక మేలుంది: చిన్న ముక్క కనుక ఒళ్లో బరువు ఉండదు, ఎక్కడికైనా సంచిలో వేసుకుపోవచ్చు. అయినా పిల్లల కోసం అయితే మెడ నుంచి కిందికే నా ఓటు.

బొమ్మల విషయంలో వాదనకు చోటే లేదు. క్రోషాతో దగ్గర దగ్గరగా, చక్రంలా చుట్టుకుంటూ అల్లితే గుడ్డ గట్టిగా వచ్చి లోపలి దూది బయటికి కనపడదు. ఒంటి మీద లోపమైన ఆ దళసరితనమే ఇక్కడ గుణం. మూడేళ్లలోపు పిల్లల బొమ్మలకు బొత్తాల కళ్లు పెట్టకూడదు, నల్ల దారంతో కుట్టాలి. ఊడిన బొత్తం సరాసరి నోట్లోకే పోతుంది. అలాగే నెలల పిల్లల దుప్పటికి పెద్ద పెద్ద కంతలున్న డిజైను వద్దు, వేళ్లు ఇరుక్కుంటాయి. టోపీలకూ మేజోళ్లకూ పొడవాటి తాళ్లు కూడా పెట్టకపోవడం మంచిది.

దుప్పటికి క్రోషా చదరాలు అల్లడంలో ఒక సుఖం ఉంది. ఒక్కో చదరం పావుగంట పని. అమ్మాయి డాన్సు క్లాసు బయట కూర్చున్న గంటలో మూడు నాలుగు పూర్తవుతాయి, పని ఎక్కడ ఆపామో గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ఎవరూ ముందుగా చెప్పనిది కొసల సంగతి. మూడు రంగులైతే చదరానికి ఆరు కొసలు. ఏడు అడ్డం, తొమ్మిది నిలువు వేసుకుంటే 63 చదరాలు, అంటే 378 కొసలు. వాటన్నిటినీ చివర్లో కూర్చుని సూదితో లోపలికి దాచాలనుకున్న నా మొదటి దుప్పటి ఏడాదిన్నర అట్టపెట్టెలో పడి ఉంది. ఏ చదరం కొసలు ఆ చదరంతోనే దాచెయ్యాలి.

నేర్చుకోవడానికి ఏది తేలిక? గొలుసు వేయడం క్రోషాలో మొదటి పాఠం, అది ఏడేళ్ల పిల్లకు ఒక మధ్యాహ్నంలో వచ్చేస్తుంది. మా అమ్మాయి వేసిన గొలుసు హాలు నుంచి వంటింటి గట్టు దాకా పాకింది. దాన్ని ఏమీ చెయ్యనివ్వదు, విప్పనివ్వదు. సూదులకు రెండు చేతులూ సమానంగా పనిచేయాలి కనుక పిల్లలు తొందరగా విసుగు పడతారు. పెద్దవాళ్లకు మాత్రం తిప్పలు నమూనా కాగితాలు చదివేటప్పుడు వస్తాయి. మన దుకాణాల్లో ఎక్కువగా చెలామణిలో ఉన్న పాత బ్రిటిష్ లెక్కలో నంబరు పెరిగితే సూది సన్నబడుతుంది: 8 నంబరు అంటే 4 మిల్లీమీటర్లు, 10 నంబరు అంటే 3.25. అమెరికా లెక్క దీనికి తలకిందులు. అక్కడి 8 నంబరు 5 మిల్లీమీటర్ల లావు. క్రోషాలో చిక్కు ఇంకా ఘోరం, అమెరికావారు సింగిల్ అనే కుట్టునే బ్రిటిష్‌వారు డబుల్ అంటారు. నంబరును నమ్మకుండా మిల్లీమీటర్లు చూసుకోవడం, పది సెంటీమీటర్ల నమూనా ముక్క ముందుగా అల్లి కుట్లు లెక్కపెట్టుకోవడం రెండింటికీ అవసరమే, స్వెట్టరుకు మరీను.

ఊలు రకం గురించి క్లుప్తంగా చెబుతాను. ఆక్రిలిక్ చవక, మెషీన్‌లో వేసినా ఏమీ కాదు, బడికి వేసుకెళ్లి మట్టిచేసుకొచ్చే పిల్లలకు అదే దిక్కు. కానీ నిప్పు తగిలితే కరిగి ఒంటికి అంటుకుంటుంది కనుక పొయ్యి దగ్గరా, దీపావళి రాత్రీ వద్దు. గొర్రె ఊలు అంత తొందరగా అంటుకోదు, వెచ్చదనంలో దానికి సాటి లేదు, కానీ వేడినీళ్లలో మెషీన్ వేసి తిప్పితే ముద్దగా కుంచించుకుపోతుంది. నూలు చర్మానికి హాయి, బెజవాడ, రాజమండ్రి లాంటి చోట్ల చలికాలానికి అదే సరిపోతుంది. అయితే బరువు, పైగా సాగదు, కనుక నూలుతో స్వెట్టరు కంటే టోపీలూ, చేతుల్లేని పైచొక్కాలూ నయం. లంబసింగి, ఆదిలాబాద్ వైపు వెళ్లేవారు మాత్రం గొర్రె ఊలు కలిసినది తీసుకోవాలి.

ఇప్పుడు మా ఇంట్లో లెక్క ఇలా నడుస్తోంది. పిల్లవాడు మెలకువగా ఉన్నంతసేపూ బయటికి తీసేది క్రోషా సంచి ఒక్కటే: బొమ్మలు, చదరాలు, అత్తయ్య పంపిన లేసు అంచులు. ఒంటి మీద వేసుకునేవన్నీ సూదుల మీదే, అదీ వాడు పడుకున్నాక. ఒకే పనిముట్టు కొనగలిగిన ఇల్లయితే, మూడేళ్లలోపు పిల్లలుంటే క్రోషా కొనమంటాను. బడికి వెళ్లే పిల్లలు మాత్రమే ఉంటే 4 మిల్లీమీటర్ల వైరు సూదులు కొనమంటాను. అమ్మాయి స్వెట్టరును ఆ నవంబరు గొడవ తర్వాత మొత్తం విప్పేసి, అదే ఊలుతో మెడ నుంచి మళ్లీ మొదలుపెట్టాను. కుడి చెయ్యి అయిపోయింది. ఎడమ చెయ్యి మోచేతి దగ్గర, రెండు మొనలకూ రబ్బరు బ్యాండ్లతో, బీరువా పై అరలో ఉంది.