బరువులు మోసే పనికి నల్ల సైకిల్: 28 అంగుళాల స్టాండర్డ్ బండి, చెన్నై రోడ్ల మీద

రోజూ ఆఫీసుకి వెళ్లి రావాలి, తిరిగొచ్చేటప్పుడు పాతిక కిలోల బియ్యం బస్తానో, 20 లీటర్ల నీళ్ల క్యానో వెనక కట్టుకుని తేవాలి. ఈ పనికి సైకిల్ కావాలని షాపుకి వెళ్తే ముందు చూపించేది గేర్ల హైబ్రిడ్. 28 అంగుళాల చక్రాలున్న నల్ల స్టాండర్డ్ సైకిల్ ఎక్కడో వెనక మూల ఉంటుంది, అడిగితేనే బయటికి తీస్తారు. చెన్నైలో ఈ పనికి సరిపోయేది ఆ మూలన ఉన్నదే. ధర హైబ్రిడ్‌లో సగం కూడా ఉండదు. అయితే కొన్నది కొన్నట్టు తొక్కితే మాత్రం నెల తిరక్కుండా విసుగొస్తుంది. ఫ్రీవీలు (వెనక చక్రానికుండే పళ్ల చక్రం), క్యారియరు మార్చి, బ్రేకులు సరిచేయించుకున్నాకే అది పూర్తిగా పనికొస్తుంది.

దీని బలమంతా నిర్మాణంలో ఉంది. ఫ్రేము పొడవు కాబట్టి వెనక పక్కలకి సంచులు వేలాడదీసినా మడమలు తగలవు. వెనక చక్రానికి 40 పుల్లలు, ముందుదానికి 32. రెండు కాళ్ల స్టాండు ఉండడం అన్నిటికన్నా మేలు. సైడు స్టాండు మీద ఉన్న బండికి ఒక్కరే బస్తా కట్టబోతే అది పక్కకి ఒరిగిపోతుంది. ఈ స్టాండు మీద నిలబెడితే రెండు చేతులా తాడు బిగించుకోవచ్చు.

ముందు ఫ్రీవీలు సంగతి. ఈ బళ్లలో ఎక్కువగా ముందు పెడళ్ల దగ్గరి చక్రానికి 44 పళ్లు, వెనక ఫ్రీవీలుకి 18 ఉంటాయి. పెడల్ ఒక చుట్టు తిరిగితే బండి దాదాపు ఐదున్నర మీటర్లు వెళ్తుంది. ఖాళీ బండికి అది హాయిగానే ఉంటుంది. ముప్ఫై కిలోల బరువుతో సిగ్నల్ దగ్గర ఆగి మళ్లీ కదిలేటప్పుడు భారమంతా మోకాళ్ల మీద పడుతుంది, ఫ్లైఓవర్ ఎక్కాలంటే దిగి నెట్టుకోవాల్సిందే. 22 పళ్ల ఫ్రీవీలు వేయిస్తే చుట్టుకి నాలుగున్నర మీటర్లు వస్తుంది. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకి 16 కిలోమీటర్లు. చెన్నై ట్రాఫిక్‌లో అంతకన్నా వేగం ఎలాగూ అక్కర్లేదు. కొన్ని బళ్లకి ముందు 46 గానీ 48 గానీ ఉంటాయి, కొనే ముందు పళ్లు లెక్కపెట్టుకోండి. ఫ్రీవీలు మార్చినప్పుడు చైనుకి రెండు లింకులు కలపాలి. అవి కలపకుండా చక్రాన్నే అర అంగుళం ముందుకి జరిపి సరిపెట్టే మెకానిక్కులున్నారు. అలా చేస్తే వెనక బ్రేకు రబ్బర్లకీ రిమ్ముకీ మధ్య ఎడం పెరిగి బ్రేకు అందదు. లింకులు కలిపించుకునే బయటికి రండి.

ఇక బ్రేకులు. ఈ బండికి అసలైన లోపం ఇక్కడే ఉంది, దాన్ని తక్కువ చేసి చెప్పకూడదు. దీనివి తీగ బదులు కడ్డీలతో పనిచేసే రాడ్ బ్రేకులు, వాటి రబ్బర్లు రిమ్ము లోపలి వైపు ఒరుసుకుంటాయి. రిమ్ము క్రోము పూసిన ఉక్కు. పొడిగా ఉన్నప్పుడు పరవాలేదు గానీ తడిస్తే రబ్బరు జారుతుంది, బండి ఆగే దూరం బాగా పెరిగిపోతుంది. హైబ్రిడ్‌కి వేసే బ్రేకు తెచ్చి బిగిద్దామన్నా కుదరదు, ఈ రిమ్ము పక్కలు గుండ్రంగా ఉంటాయి, రబ్బరుకి పట్టు దొరకదు. కాబట్టి ఉన్నదాన్నే సరిగ్గా ఉంచుకోవాలి. రబ్బరుకీ రిమ్ముకీ మధ్య 2 నుంచి 3 మిల్లీమీటర్ల ఎడం చాలు, రెండు పక్కలా ఒకేసారి తగలాలి. రాడ్ల కీళ్ల దగ్గర ఉండే చిన్న నట్లు అదురుకి వదులవుతాయి, నెలకోసారి పానా పెట్టి చూడాలి. గట్టిపడి నున్నగా మెరుస్తున్న రబ్బర్లు పారేయండి. వానలో ఆగాల్సిన చోటికి చాలా ముందే బ్రేకు మెల్లగా పట్టి ఉంచితే, చక్రం తిరుగుతుండగా రిమ్ము మీది నీరు తుడుచుకుపోతుంది, ఆ తర్వాతే పట్టు వస్తుంది. చెన్నైలో వానలు ఎక్కువ పడే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బరువుతో వెళ్లేవాళ్లకి ఇది అలవాటు కావాలి.

బండితో వచ్చే స్ప్రింగు క్యారియర్ టిఫిన్ బాక్సుకి సరిపోతుంది, బస్తాకి సరిపోదు. పాలవాళ్ల బళ్లకి ఉండేలాంటి మందపాటి కడ్డీ క్యారియర్ వేయించండి, రెండు పక్కలా కొక్కేలతో. 8 మిల్లీమీటర్ల కడ్డీకి తగ్గకూడదు. దాని కాళ్లు ఇరుసు మీదికే వస్తాయి. అక్కడే స్టాండు, మడ్‌గార్డు కడ్డీలు కూడా ఉంటాయి కాబట్టి ఇరుసు మీద నట్టుకి మరలు (థ్రెడ్లు) చాలవు. బిగించాక నట్టు బయటికి కనీసం రెండు మరలు కనిపించాలి. కనిపించకపోతే పొడవు ఇరుసు వేయించాల్సిందే, వాషరు తీసేసి సర్దుకోవద్దు. బస్తాని అడ్డంగా కాకుండా నిలువుగా, సీటుకి ఆనించి కట్టండి. బరువు ఇరుసుకి వెనక్కి పోయేకొద్దీ ముందు చక్రం తేలికై హ్యాండిల్ తడబడుతుంది. కట్టడానికి పాత ట్యూబు చీలికల్ని మించినవి లేవు.

బరువు మోసే బండికి పుల్లలు తెగుతుంటే, తెగిన ఒక్కటీ మార్చి ఊరుకుంటే మళ్లీ తెగుతుంది. పుల్లలు కొన్ని బిగువుగా, కొన్ని వదులుగా ఉండడమే చాలాసార్లు అసలు కారణం. చక్రం తిరిగే ప్రతిసారీ వదులు పుల్ల వంపు దగ్గర కదిలి కదిలి అలిసిపోతుంది. కొత్త బండికి మొదటి నెల తర్వాత బెండు తీయించి, అన్నిటినీ సమంగా బిగింపించండి. పెడల్ చేతుల్ని, అంటే క్రాంకుల్ని, ఇరుసుకి పట్టి ఉంచే కాటర్ పిన్నులు కూడా అప్పుడే చూడాలి. పెడల్ చుట్టుకోసారి టక్కుమంటే పిన్ను వదులైనట్టే. నట్టు బిగిస్తే అది లోపలికి పోదు. కింద ఇనుప దిమ్మ ఆనించి సుత్తితో కొట్టి దిగేశాక నట్టు బిగించాలి. వదులు పిన్నుతో తొక్కితే క్రాంకు రంధ్రమే అరిగిపోతుంది, ఆపైన ఏ పిన్నూ నిలవదు.

వెనక టైర్లో గాలి గట్టిగా ఉండాలి. ఈ ట్యూబుల వాల్వులో చిన్న రబ్బరు గొట్టం ఉంటుంది. ఎండకి అది చీలిపోతే గాలి దిగుతుంది, పంక్చరని పొరపాటు పడతాం. రెండు గొట్టాలు ఎప్పుడూ సంచిలో పెట్టుకోండి.

వానాకాలంలో సబ్‌వేలు (వంతెన కింది దారులు) నీళ్లతో నిండుతాయి. క్రాంకులు తిరిగే ఇరుసు నేలకి 30 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. నీళ్లు అంతకు మించాయంటే దాని బేరింగు బాల్స్‌లోకి బురద చేరినట్టే. ఓవరాయిల్ (భాగాలు విప్పి శుభ్రం చేయడం) చేయమనండి, తమిళ మెకానిక్కుకీ ఆ మాటే తెలుసు. బాల్స్ కడిగి, కొత్త గ్రీజు పెట్టించడం ఆ వారంలోనే అయిపోవాలి. బీసెంట్ నగర్, తిరువాన్మియూర్ లాంటి సముద్రపు ఒడ్డు చోట్ల ఉప్పుగాలికి చైను త్వరగా తుప్పు పడుతుంది. మొత్తం మూసే చైన్ కవర్ వేయించండి, వారానికోసారి నూనె చుక్కలు వేసి పైది తుడిచేయండి. విడిభాగాలకి ఈ ఊళ్లో కొరత లేదు. సైకిళ్లు తయారుచేసే టీఐ సైకిల్స్ కంపెనీ 1949లో మొదలైందే చెన్నైలోని అంబత్తూరులో.

లైట్లకి డైనమో వద్దు, తడి టైరు మీద జారుతుంది. బ్యాటరీవి పెట్టుకోండి.

లిఫ్టు లేని మేడ మీద ఉండి రాత్రి బండిని పైకి మోసుకెళ్లాల్సినవాళ్లు మాత్రం దీన్ని కొనకండి. క్యారియరుతో కలిపి 20 కిలోలు దాటుతుంది. ఎత్తు తక్కువ ఉన్నవాళ్లు 24 అంగుళాల ఫ్రేము జోలికి పోకుండా 22 అడగండి. బరువుతో ఆగినప్పుడు రెండు పాదాలూ నేలకి పూర్తిగా ఆనాలి, షాపులోనే సీటు ముందుకి దిగి నిలబడి చూసుకోండి.