పులికాట్, నేలపట్టు: ఏ పక్షికి ఏ వెలుగు

పులికాట్ సరస్సు ఫొటోలు చాలావరకు ఒకేలా ఉంటాయి: బూడిదరంగు నీళ్లు, దూరంగా గులాబీ చుక్కల్లా ఫ్లెమింగోలు. జూమ్ చాలలేదని తీసినవాళ్లు అంటారు. సాధారణంగా తప్పు లెన్సుది కాదు, వెళ్లిన వేళది.

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట రోడ్డు సరస్సు మధ్యగా దాదాపు తూర్పుకు సాగుతుంది. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు. అందుకని రోడ్డుకు ఉత్తరాన మేసే ఫ్లెమింగోల మీదే ఎండ పడుతుంది, దక్షిణాన ఉన్నవి నల్లని నీడల్లా వస్తాయి. తెల్లవారుజామున ఆ నీడలే కావాలనుకుంటే దక్షిణం చూడండి. ఎండ ముదిరాక వేడిగాలి అలలాడుతుంది. 600 ఎంఎం లెన్సు పెట్టినా మెడ అంచులు కరిగినట్టే ఉంటాయి, దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ బాగుచేయలేదు.

కారు దిగకండి. బండి రోడ్డు పక్కకు పూర్తిగా తీసి, ఇంజన్ ఆపి, కిలో బియ్యం పోసిన గుడ్డసంచిని కిటికీ అంచున పెట్టి దానిమీద లెన్సు ఆనిస్తే ట్రైపాడ్ అక్కర్లేదు. షట్టర్ వేగం మేసే పక్షికి సెకనులో 1/800 వంతు, ఎగిరేదానికి 1/2000 వంతు. బురదలోకి దిగితే కాళ్లు కూరుకుపోతాయి, ఈలోగా గుంపు లేచిపోతుంది. శ్రీహరికోటలో రాకెట్ కేంద్రం ఉంది కనుక డ్రోన్ ఆలోచన వద్దు.

ఈశాన్య రుతుపవనాలకు సరస్సు బాగా నిండిన ఏడు ఫ్లెమింగోలు రోడ్డుకు దూరంగా ఉంటాయి, నీళ్లు లోతు తక్కువున్న చోటే మేస్తాయి మరి. అలాంటప్పుడు జనవరి చివర, ఫిబ్రవరిలో వెళ్లడం నయం.

నేలపట్టు ఇందుకు పూర్తిగా వేరు. 1976లో అభయారణ్యమైన ఈ చెరువులో నీళ్లలో నిలిచిన చెట్ల మీద గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, నీటికాకులు గూళ్లు కడతాయి. 300 నుంచి 400 ఎంఎం లెన్సు చాలు. ఇక్కడ ఇబ్బంది ఎక్స్‌పోజర్‌ది, అంటే ఫొటోకి కెమెరా తీసుకునే వెలుగు మోతాదుది. వెనక ముదురాకుపచ్చ చూసి కెమెరా వెలుగు పెంచేస్తుంది, తెల్ల ఈకలు సుద్దముద్దవుతాయి. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (వెలుగు తగ్గించే, పెంచే సెట్టింగ్) −0.7 పెట్టండి. అదే పక్షి ఆకాశం మీదికి లేస్తే +1కి మార్చాలి, మర్చిపోయేది అక్కడే. గూటి దగ్గర ఫ్లాష్ వద్దు.

తడ దగ్గర భీములవారిపాలెం పడవ షికారు పిల్లలకు బాగుంటుంది. ఫొటోలకు మాత్రం మోటారు చప్పుడుకే పక్షులు లేచిపోతాయి.

బస సూళ్లూరుపేటలోనే మేలు. లాడ్జీలు సాదావే, కానీ చీకటితోనే సరస్సు చేరొచ్చు. చెన్నై నుంచి లోకల్ రైలుంది గానీ పొద్దున బయల్దేరి వస్తే మంచి వెలుగు దాటిపోతుంది. రాకెట్ ప్రయోగం, ఫ్లెమింగో పండుగ రోజుల్లో గదులు దొరకడం కష్టం, రోడ్డు మీద జనమే జనం. నీళ్లు, టిఫిన్ ఊళ్లోనే కట్టించుకోవాలి.

ఫొటో పంచుకునేటప్పుడు వేళ, షట్టర్, రోడ్డుకు ఏ పక్కన తీశారో రాస్తే చూసేవాళ్లు పనికొచ్చే మాట చెప్పగలరు. గుంపు మొత్తం గాల్లోకి లేచిన ఫొటో చూస్తే, "సూపర్" అనేముందు అవి ఎందుకు లేచాయో అడగండి. గూడు ఏ చెట్టుమీదుందో మాత్రం రాయకండి.