సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్: వారం ఇంజెక్షన్ మొదలుపెట్టేవారికి ఏది మేలు?

బరువు తగ్గడానికి వారానికొకసారి వేసుకునే ఇంజెక్షన్ మొదలుపెట్టాలనుకునేవారి ముందు ప్రస్తుతం ప్రధానంగా రెండు మందులున్నాయి. ఒకటి నోవో నార్డిస్క్ సంస్థ తెచ్చిన సెమాగ్లుటైడ్. బరువు కోసం దీనిని వెగోవీ అన్న పేరుతోనూ, మధుమేహం కోసం ఓజెంపిక్ అన్న పేరుతోనూ అమ్ముతారు. రెండవది ఎలై లిల్లీ సంస్థ తెచ్చిన టిర్జెపటైడ్. ఇది మౌంజారో, జెప్‌బౌండ్ అన్న పేర్లతో దొరుకుతుంది. ఈ రెండింటిలో ఎక్కువ బరువు తగ్గించేది ఏదన్న ప్రశ్నకు ఇప్పుడు స్పష్టమైన జవాబు ఉంది. అయితే ఆ జవాబు ఒక్కటే చూసి మందు ఎంచుకుంటే చాలామంది తమకు తగనిదాన్ని ఎంచుకునే ప్రమాదం ఉందని నా నమ్మకం. తన శరీరంలో బరువుతోపాటు ఇంకేమి ఉందో, ఏ మందును ఏళ్ల తరబడి మానకుండా వాడగలరో ముందుగా తేల్చుకున్నవారికే ఆ అంకెలు సరిగా ఉపయోగపడతాయి.

భోజనం చేసినప్పుడు మన పేగుల నుంచి జీఎల్‌పీ-1 అనే హార్మోన్ వెలువడి, కడుపు నిండిందని మెదడుకు తెలియజేస్తుంది, జీర్ణాశయం ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తుంది, రక్తంలో చక్కెర పెరిగినప్పుడు ఇన్సులిన్ విడుదలకు తోడ్పడుతుంది. శరీరంలో సహజంగా పుట్టే ఈ హార్మోన్ రెండు మూడు నిమిషాలకు మించి నిలవదు. సెమాగ్లుటైడ్ దాదాపు అదే హార్మోన్‌కు నకలు, కాకపోతే దానికి తగిలించిన ఒక కొవ్వు ఆమ్లపు గొలుసు రక్తంలోని ప్రోటీన్ అయిన ఆల్బుమిన్‌ను పట్టుకుని ఉండడం వల్ల, వేసుకున్న మందులో సగం కరిగిపోవడానికి సుమారు వారం రోజులు పడుతుంది. టిర్జెపటైడ్‌కు ఆ వ్యవధి సుమారు 5 రోజులు. ఇది జీఎల్‌పీ-1తోపాటు జీఐపీ అనే మరో పేగు హార్మోన్ పనిని కూడా చేస్తుంది. వారానికొక సూది సరిపోవడానికి కారణం రెండు మందులూ ఇలా రోజుల తరబడి శరీరంలో నిలవడమే. సూది వేసుకున్నాక బాధ కలిగితే అది ఒక్క రోజులో వదిలిపోకపోవడానికి కారణం కూడా ఇదే.

ఇక అంకెల సంగతి చూద్దాం. 2021లో వెలువడిన స్టెప్-1 అధ్యయనంలో మధుమేహం లేని 1,961 మందిని 68 వారాలపాటు గమనించారు. వారానికి 2.4 మిల్లీగ్రాముల సెమాగ్లుటైడ్ వేసుకున్నవారు సగటున 14.9 శాతం బరువు తగ్గితే, ఉత్తుత్తి మందు వేసుకున్నవారు 2.4 శాతమే తగ్గారు. 2022లో వెలువడిన సర్మౌంట్-1లో 2,539 మందిని 72 వారాలపాటు గమనించగా, టిర్జెపటైడ్ 5 మిల్లీగ్రాముల మోతాదుతో 15 శాతం, 10తో 19.5 శాతం, 15తో 20.9 శాతం బరువు తగ్గింది. వేర్వేరు అధ్యయనాల అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చడం సరికాదన్న అభ్యంతరం అప్పట్లో న్యాయమైనదే. 2025లో వచ్చిన సర్మౌంట్-5 దానిని చాలావరకు తీర్చింది. అందులో ఊబకాయం ఉండి మధుమేహం లేని 751 మందికి నేరుగా ఈ రెండు మందులే ఇచ్చి 72 వారాలు చూడగా, టిర్జెపటైడ్ వాడినవారు సగటున 20.2 శాతం, సెమాగ్లుటైడ్ వాడినవారు 13.7 శాతం తగ్గారు. నడుము చుట్టుకొలత కూడా మొదటివారిలో 18.4 సెంటీమీటర్లు, రెండవవారిలో 13 సెంటీమీటర్లు తగ్గింది. ఈ అధ్యయనాన్ని నడిపింది టిర్జెపటైడ్ తయారీదారులేనని, ఎవరికి ఏ మందు ఇస్తున్నారో డాక్టర్లకూ రోగులకూ ముందే తెలుసునని గుర్తుంచుకోవాలి. ఆ లోపాలను లెక్కలోకి తీసుకున్నా, ఇంత తేడాను కొట్టిపారేయడం కుదరదు. తగ్గే కిలోల విషయంలో టిర్జెపటైడ్‌దే పైచేయి.

మధుమేహం ఉన్నవారు మాత్రం ఈ అంకెలను తమకు అన్వయించుకోకూడదు. వారిలో ఏ మందుతోనైనా తగ్గుదల కొంత తక్కువగానే ఉంటుంది. స్టెప్-2లో సెమాగ్లుటైడ్‌తో 9.6 శాతం, సర్మౌంట్-2లో టిర్జెపటైడ్ గరిష్ఠ మోతాదుతో 14.7 శాతం బరువు తగ్గింది. పక్కింటివారు తగ్గినంత తాము తగ్గలేదని కుంగిపోయి మధ్యలో మందు మానేసేవారిలో ఈ సంగతి ముందుగా ఎవరూ చెప్పనివారు ఎందరో ఉంటారు.

గుండె విషయానికి వస్తే తక్కెడ సెమాగ్లుటైడ్ వైపు మొగ్గుతుంది. సెలెక్ట్ అనే అధ్యయనంలో, ఇదివరకే గుండె లేదా రక్తనాళాల జబ్బు ఉండి, అధిక బరువున్నా మధుమేహం లేని 17,604 మందికి సెమాగ్లుటైడ్ గానీ ఉత్తుత్తి మందు గానీ ఇచ్చి, సగటున మూడేళ్లకు పైగా గమనించారు. గుండె సంబంధమైన మరణం, గుండెపోటు, పక్షవాతం, ఈ మూడింటిలో ఏదో ఒకటి సంభవించినవారు ఉత్తుత్తి మందు గుంపులో నూటికి 8 మంది కాగా, సెమాగ్లుటైడ్ గుంపులో 6.5 మంది. అంటే ముప్పు సుమారు 20 శాతం తగ్గింది. దీని ఆధారంగానే 2024 మార్చిలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వెగోవీని ఈ ప్రయోజనానికి కూడా ఆమోదించింది. టిర్జెపటైడ్‌ను మధుమేహం, గుండెజబ్బు రెండూ ఉన్నవారిలో డులాగ్లుటైడ్ అనే పాత జీఎల్‌పీ-1 మందుతో పోల్చి చూసినప్పుడు, అది దానికి ఏమాత్రం తీసిపోదని 2025లో తేలింది. కానీ మధుమేహం లేని గుండెరోగుల విషయంలో సెలెక్ట్ ఇచ్చినంత సూటి ఆధారం సెమాగ్లుటైడ్‌కే ఉంది. ఒకసారి గుండెపోటు వచ్చినవారికి ఏడెనిమిది కిలోలు అదనంగా తగ్గడం ముఖ్యమా, రెండో గుండెపోటు రాకుండా చూసుకోవడం ముఖ్యమా అన్నది వేరే చెప్పనక్కరలేదు. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే స్లీప్ ఆప్నియా జబ్బు మధ్యస్థంగా లేదా తీవ్రంగా ఉన్న ఊబకాయులకు మాత్రం, ఆ జబ్బుకే 2024 డిసెంబరులో ఆమోదం పొందిన టిర్జెపటైడ్ మెరుగైన ఎంపిక.

మొదలుపెట్టే తీరులో రెండూ ఒకే దారిన నడుస్తాయి. సెమాగ్లుటైడ్‌ను 0.25 మిల్లీగ్రాములతో ప్రారంభించి నాలుగు వారాలకొకసారి 0.5, 1, 1.7 మీదుగా 2.4కు చేరుస్తారు. ఆ మోతాదు చేరడానికి 16 వారాలు పడుతుంది. టిర్జెపటైడ్‌ను 2.5 మిల్లీగ్రాములతో ప్రారంభించి నాలుగు వారాల తరువాత 5కు, ఆపైన అవసరాన్ని బట్టి కనీసం నాలుగేసి వారాల ఎడంతో 2.5 చొప్పున పెంచుతూ గరిష్ఠంగా 15 వరకు తీసుకెళ్తారు. ఈ మొదటి నెల మోతాదు బరువు తగ్గించడానికి ఉద్దేశించినది కాదు, కడుపును మందుకు అలవాటు చేయడానికే. ఈ మాట తెలియక మొదటి నెలలో కిలో కూడా తగ్గలేదని ఆందోళనపడి, త్వరగా డోసు పెంచమని డాక్టరును ఒత్తిడి చేయడం, లేదా తామే పెంచుకోవడం కొత్తవారు చేసే తప్పుల్లో అతి ప్రమాదకరమైనది. రక్తంలో మందు ఒక నిలకడ స్థాయికి రావడానికే నాలుగైదు వారాలు పడుతుంది. ఆ లోపు పెంచితే పాత డోసు ప్రభావం పూర్తిగా తెలియకముందే కొత్త డోసు దానిమీద పడుతుంది. తట్టుకోలేకపోతే అదే మోతాదులో మరికొన్ని వారాలు ఆగడంలో నష్టమేమీ లేదు. గరిష్ఠ మోతాదు అందరికీ అవసరం కూడా కాదు. ఈ విషయంలో టిర్జెపటైడ్‌కు ఒక వెసులుబాటు ఉంది: దాని 5 మిల్లీగ్రాముల మోతాదే 15 శాతం వరకు తగ్గించగలదు కనుక, మెట్లన్నీ ఎక్కలేనివారు కింది మెట్టు మీద ఆగినా మంచి ఫలితం దక్కుతుంది.

దుష్ప్రభావాలు రెండింటికీ ఒకే కుటుంబానికి చెందినవి. వికారం, వాంతులు, విరేచనాలు, మలబద్ధకం ఎక్కువగా కనిపిస్తాయి. ఇవి డోసు పెంచిన రోజుల్లో ఉధృతమై క్రమంగా నెమ్మదిస్తాయి. సర్మౌంట్-5లో వికారం రెండు గుంపుల్లోనూ దాదాపు సమానంగానే కనిపించింది కానీ, కడుపు సంబంధమైన బాధల వల్ల మందు పూర్తిగా మానేసినవారు సెమాగ్లుటైడ్‌లో 5.6 శాతం, టిర్జెపటైడ్‌లో 2.7 శాతం. తక్కువ తక్కువగా, నెమ్మదిగా తినడం, కడుపు నిండినట్టు అనిపించగానే ఆపేయడం, నూనె ఎక్కువగా ఉన్న పదార్థాలు తగ్గించడం, నీళ్లు మరవకుండా తాగడం రెండింటికీ పనికివచ్చే జాగ్రత్తలు. వాంతులు, విరేచనాలు ఆగకపోతే శరీరంలో నీరు తగ్గి మూత్రపిండాలు దెబ్బతినే అవకాశం ఉంది కనుక ఓర్చుకుంటూ కూర్చోకూడదు. కడుపు పైభాగంలో మొదలై వీపుకు పాకే తీవ్రమైన నొప్పి వస్తే క్లోమగ్రంథి వాపు కావచ్చు. అప్పుడు తరువాతి సూది ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. వేగంగా బరువు తగ్గేవారిలో పిత్తాశయంలో రాళ్లు ఏర్పడడం కూడా ఉంటుంది.

థైరాయిడ్‌లో వచ్చే మెడుల్లరీ క్యాన్సర్ తమకు గానీ రక్తసంబంధీకులకు గానీ ఉన్నవారు, ఎంఈఎన్-2 అనే వంశపారంపర్య జబ్బు ఉన్నవారు ఈ రెండింటిలో దేనినీ వాడకూడదు. ఎలుకల్లో కనిపించిన థైరాయిడ్ కణితులే ఈ హెచ్చరికకు మూలం. ఇన్సులిన్ లేదా సల్ఫోనైల్‌యూరియా తరగతికి చెందిన, ఇన్సులిన్ విడుదలను పెంచే మాత్రలు వాడుతున్న మధుమేహ రోగులు, చక్కెర మరీ పడిపోకుండా వాటి మోతాదును ముందే సరిచేయించుకోవాలి. మధుమేహం వల్ల రెటీనా దెబ్బతిన్నవారు సెమాగ్లుటైడ్ మొదలుపెట్టేముందు కంటి డాక్టరుకు చూపించుకోవడం అవసరం.

స్త్రీల విషయంలో ఒక తేడా చాలా ముఖ్యమైనది, తగినంతగా చెప్పనిది కూడా. టిర్జెపటైడ్ కడుపును నెమ్మదింపజేయడం వల్ల గర్భనిరోధక మాత్ర శరీరానికి సరిగా అందకపోవచ్చు. కాబట్టి మందు మొదలుపెట్టిన తరువాత నాలుగు వారాలు, డోసు పెంచిన ప్రతిసారీ మరో నాలుగు వారాలు కండోమ్ వంటి మరో పద్ధతి పాటించాలి. సెమాగ్లుటైడ్‌తో ఈ ఇబ్బంది ఆ స్థాయిలో కనిపించలేదు. అయితే గర్భం కోసం ప్రయత్నించేవారు సెమాగ్లుటైడ్‌ను కనీసం రెండు నెలల ముందే ఆపాలి. టిర్జెపటైడ్‌కు కనీసం ఒక నెల సరిపోతుందన్నది సాధారణ సలహా. బరువు తగ్గేకొద్దీ అండం విడుదల సక్రమమై, గర్భం రాదనుకున్నవారికి కూడా వచ్చే అవకాశం ఉంటుంది కనుక ఈ లెక్కను తేలికగా తీసుకోకూడదు. ఇక ఏ చిన్న ఆపరేషన్‌కైనా మత్తు ఇవ్వబోతుంటే ఈ మందు వాడుతున్న సంగతి ముందుగా చెప్పాలి. జీర్ణాశయంలో మిగిలిన ఆహారం ఊపిరితిత్తుల్లోకి పోయే ముప్పు ఉంటుంది.

వాడుకలో తేడాలు స్వల్పమే. పొట్ట, తొడ, భుజానికీ మోచేతికీ మధ్య భాగం, వీటిలో ఎక్కడైనా చర్మం కిందికి వేసుకోవచ్చు, ప్రతివారం చోటు మారుస్తుండాలి. భోజనానికి ముందా తరువాతా అన్న పట్టింపు లేదు. టిర్జెపటైడ్ డోసు తప్పితే నాలుగు రోజుల లోపు వేసుకోవచ్చు, దాటితే ఆ వారం వదిలేయాలి. సెమాగ్లుటైడ్‌కు ఆ గడువు ఐదు రోజులు. గుర్తొచ్చిందని రెండు సూదులు ఒకేసారి వేసుకోవడం ఎన్నడూ తగదు. రెండింటినీ 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో దాచాలి, గడ్డకట్టిన ఇంజెక్షన్ పెన్నును పారేయాలి. ఎక్కడో కలిపి సీసాల్లో పోసి అమ్మే మందును సిరంజితో తామే కొలుచుకుని వేసుకున్నవారు, యూనిట్లకూ మిల్లీగ్రాములకూ తేడా తెలియక ఎన్నో రెట్లు ఎక్కువ మోతాదు తీసుకుని ఆసుపత్రుల పాలైన సందర్భాలున్నాయి కాబట్టి, డోసు ముందే అమర్చిన పెన్నును నమ్మకమైన చోట కొనడమే క్షేమం.

మొదలుపెట్టేముందే ఆలోచించవలసిన మరో విషయం మానేయడం. స్టెప్-1లో మందు ఆపిన ఏడాదికి, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చింది. సర్మౌంట్-4లో 36 వారాలు టిర్జెపటైడ్ వాడి ఆపినవారు ఆ తరువాతి ఏడాదిలో సగటున 14 శాతం పెరిగితే, కొనసాగించినవారు మరో 5.5 శాతం తగ్గారు. ఇక్కడ రెండు మందులకూ తేడా లేదు. ఊబకాయం రక్తపోటు వంటి దీర్ఘకాలిక జబ్బు, మందు ఆపితే అది తిరగబెడుతుంది. అందువల్ల ఆరు నెలల తరువాత తాము భరించలేని ఖరీదైన మందు కన్నా, కొంత తక్కువ తగ్గించినా ఏళ్ల తరబడి కొనసాగించగలిగిన మందే మేలని నేను గట్టిగా భావిస్తాను. తగ్గే బరువులో కొవ్వుతోపాటు కండ కూడా పోతుంది కనుక, ఏ మందు వాడినా మొదటి వారం నుంచే తగినన్ని మాంసకృత్తులు తీసుకోవడం, వారానికి రెండు మూడుసార్లు బరువులెత్తే వ్యాయామం చేయడం తప్పనిసరి. వయసు మళ్లినవారికి ఇది మరీ ముఖ్యం.

కాబట్టి గుండెజబ్బు ఉన్నవారికి సెమాగ్లుటైడ్‌తో, బరువు చాలా ఎక్కువగా ఉండి గుండెజబ్బు లేనివారికి, స్లీప్ ఆప్నియా ఉన్నవారికి, మధుమేహం అదుపులో లేనివారికి టిర్జెపటైడ్‌తో మొదలుపెట్టడం సబబు. ఇదే కోవకు చెందిన, రోజూ వేసుకోవలసిన లిరాగ్లుటైడ్‌ను ఈ రెండూ అందనివారు మాత్రమే ఆలోచించాలి. స్టెప్-8లో సెమాగ్లుటైడ్ 15.8 శాతం తగ్గించిన కాలంలో అది 6.4 శాతమే తగ్గించింది. తట్టుకోగల మోతాదులో ఆరు నెలలు వాడినా 5 శాతం కూడా తగ్గకపోతే మందు మార్చడం గురించి డాక్టరుతో మాట్లాడవచ్చు. అప్పుడు ఒక మందులోని మిల్లీగ్రాములను రెండో మందులోని మిల్లీగ్రాములతో సరిపోల్చి లెక్క వేసుకోకూడదు. పాత మందు చివరి డోసు వేసుకున్న వారం తరువాత, కొత్త మందును ఏ మెట్టు నుంచి మొదలుపెట్టాలో డాక్టరే నిర్ణయించాలి.