ప్యాడ్లు మార్చాలా, పెద్ద బ్రేక్ కిట్ బిగించాలా?

స్పోర్ట్స్ కారు బ్రేకులను ఇంట్లోనే మెరుగుపరచదలచినవారికి దారులు రెండు: మేలురకం ప్యాడ్లతోపాటు కొత్త బ్రేక్ ఆయిల్ వేయడం, లేదా పెద్ద డిస్కులు, వాటిపై ప్యాడ్లను నొక్కే కాలిపర్లు ఉన్న కిట్ బిగించడం.

మొదటిది చవక, ఒక పూట పని. రెండవదానికి ఖర్చు అనేక రెట్లు. పైగా చక్రంలో చోటు చాలాలి, పెడల్ ఒత్తిడిని ఆయిల్‌కు అందించే మాస్టర్ సిలిండర్‌తో పొంతన కుదరాలి, ముందు వెనుక బ్రేకుల సమతూకం చెడకూడదు.

ఆయిల్ తేమను పీల్చుకుంటుంది కనుక, కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగని డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్, తేమ చేరాక 155 డిగ్రీలకే మరగవచ్చు. అప్పుడు పెడల్ మెత్తబడి లోపలికి దిగిపోతుంది. డిస్కు పెద్దదైనంత మాత్రాన పాత ఆయిల్ కొత్తదైపోదు.

రోడ్డు మీద, అప్పుడప్పుడు ట్రాక్ మీద తిరిగే కారుకు మొదటిదే చాలు. మంచి ప్యాడ్లు, తాజా ఆయిల్ ఉన్నా వరుస ల్యాపుల వేడికి బ్రేకుల పట్టు తప్పుతుంటేనే కిట్ కొనడం సబబు.