పాత జాన్సన్ మోటార్ కొంటున్నారా? పెయింట్ చూసి డబ్బు కట్టేయకండి

1950ల నాటి జాన్సన్ క్యూడీ అనే మోడల్, అంటే పడవ వెనక తగిలించే పది హార్స్‌పవర్ అవుట్‌బోర్డ్ మోటార్ కోసం వెతుకుతున్నవాళ్లు కాస్త ఆగి ఇది చదవండి. మిన్నెసోటా, విస్కాన్సిన్, మిషిగన్ వైపు సరస్సుల దగ్గర ఉండే మనవాళ్లు చాలామంది చిన్న పడవకని ఇలాంటివి కొంటున్నారు. ఈమధ్య "పూర్తిగా రీస్టోర్ చేశాం" అన్న మాట మీద కొన్న ఒక క్యూడీని విప్పి చూస్తే, కొత్తగా చేసింది పెయింటూ స్టిక్కర్లూ మాత్రమే. లోపల డెబ్బై ఏళ్ల నాటి సామానే ఉంది.

మొదట చూడాల్సింది మోటార్ పైన తిరిగే బరువైన చక్రాన్ని, అంటే ఫ్లైవీల్‌ను బిగించే నట్. స్పార్క్‌కు కరెంటు పుట్టించే మాగ్నెటో మొత్తం ఆ చక్రం కిందే ఉంటుంది: రెండు కాయిల్స్, కరెంటును తెంపి కలిపే రెండు జతల పాయింట్లు, రెండు కండెన్సర్లు. ఫ్లైవీల్ తీయకుండా వీటిలో ఏదీ మార్చలేరు. పైన చెప్పిన ఆ క్యూడీలో నట్ మీద పాత తుప్పు చెక్కుచెదరలేదు, అంచుల మీద పానా పట్టిన గీత ఒక్కటీ లేదు. కింద రెండు కాయిల్స్ ఎండిన చెరువు మట్టిలా నిలువునా పగిలి ఉన్నాయి. ఆ కాలపు కాయిల్స్ పైపూత వయసుకు పగులుతుంది. పగుళ్లలోంచి కరెంటు పక్కకు పోతుంది కాబట్టి, చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ అయిన మోటార్ వేడెక్కాక ఆగిపోతుంది. నడిసరస్సులో ఆగితే పరిస్థితి ఏమిటో ఆలోచించండి. స్పార్క్ టెస్టర్‌ను పావు అంగుళం గ్యాప్‌లో పెట్టి, స్టార్టర్ తాడు లాగమని అమ్మేవాళ్లను అడగండి. రెండు సిలిండర్లకూ నీలి రంగు స్పార్క్ చిటచిటమంటూ దూకాలి. పసుపుగా, పలచగా వస్తే ఆ కాయిల్స్ మార్చాల్సిందే. పాయింట్ల గ్యాప్ 0.020 అంగుళాలు ఉండాలి.

రెండోది గేర్‌కేస్ ఆయిల్, అంటే మోటార్ అడుగున ప్రొపెల్లర్ దగ్గర గేర్లుండే పెట్టెలోని ఆయిల్. మోటార్ ఒక రాత్రంతా నిలబెట్టి ఉన్నాక, కింది స్క్రూను కొద్దిగా వదులు చేయమనండి. నీళ్లు ఆయిల్ కంటే బరువు కాబట్టి ముందు అవే వస్తాయి. ఆ క్యూడీలోంచి రెండు చెంచాల నీళ్లు, ఆ వెనకే మజ్జిగలాంటి తెల్లటి ఆయిల్ వచ్చాయి. అంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ సీల్ గానీ, డ్రైవ్ షాఫ్ట్ సీల్ గానీ, స్క్రూల కింది వాషర్లు గానీ పోయినట్టు. సీళ్లయితే మార్చుకోవచ్చు. కానీ ఆ నీళ్లతోనే మోటార్‌ను చలికాలం షెడ్డులో వదిలేస్తే లోపల గడ్డకట్టి కేసింగ్‌ను పగలగొడతాయి. ఆ పగులును పుట్టీతో పూడ్చి పెయింట్ కొడితే ఫోటోలో ఎవరూ పసిగట్టలేరు. గేర్‌కేస్ అడుగున, స్క్రూల చుట్టూ వేలితో తడిమి చూడండి.

"వీడియోలో మోటార్ మోగింది కదా" అని ధైర్యం చెప్పుకోకండి. స్టాండ్ మీద నీళ్లు లేకుండా ఇరవై సెకన్లు మోగించిన వీడియో మంచికన్నా చెడుకే గుర్తు. తడి లేకపోతే, మోటార్‌ను చల్లబరిచే నీటిని తోడే ఇంపెల్లర్ రబ్బరు రెక్కలు క్షణాల్లో కాలిపోతాయి. డ్రమ్ములో నీళ్లు పోసి, అందులో కనీసం పది నిమిషాలు నడిపి చూపించమనండి. కొత్త మోటార్లలోలాగా పక్కనుంచి నీటి ధార రాదు. నీళ్లలోకి దిగే మోటార్ కాలు వెనక ఉన్న రంధ్రాల్లోంచి పొగతోపాటు నీటి తుంపర వస్తోందో లేదో గమనించాలి.

ట్యాంక్ విషయంలో చాలామంది మోసపోతున్నారు. ఈ మోటార్‌కు ఫ్యూయల్ పంప్ లేదు. క్రాంక్‌కేస్ గాలి ఒక పైపులో ట్యాంక్‌లోకి వెళ్లి ఒత్తిడి పెడితే, రెండో పైపులో పెట్రోల్ వస్తుంది. ఒక్క పైపున్న మామూలు ట్యాంక్ ఇచ్చి "సెట్ పూర్తిగా ఉంది" అంటే అది అబద్ధం. దాంతో మోటార్ నడవదు. రెండు పైపుల ట్యాంకే ఇచ్చినా మూత గ్యాస్కెట్, పైపుల పగుళ్లు చూడండి. ఒత్తిడిలో ఉన్న పెట్రోల్ కారితే నిప్పు ప్రమాదం.

కార్బ్యురేటర్‌లో పెట్రోల్ మట్టాన్ని అదుపు చేసే పాత బెండు ఫ్లోట్ ఉంటే ఇథనాల్ కలిసిన పెట్రోల్‌కు దాని లక్క పూత కరిగిపోతుంది, మార్చేయండి. ప్రొపెల్లర్ పిన్ను ఊడదీసి చూడండి. ఆ క్యూడీలో పిన్ను బదులు మేకు కొట్టారు! రాయి తగిలితే విరగాల్సింది పిన్ను. అది విరగకపోతే దెబ్బంతా గేర్ల మీద పడుతుంది. పెట్రోల్‌లో ఆయిల్ 50:1 (యాభై పాళ్ల పెట్రోల్‌కు ఒక పాలు ఆయిల్) కలపమని చీటీ అంటించారు, అదీ తప్పే. ఈ కాలపు బేరింగులకు 24:1 కావాలి. ఆరు గ్యాలన్ల ట్యాంక్‌కు ఒక క్వార్ట్ (పావు గ్యాలన్) టీసీ-డబ్ల్యూ3 ఆయిల్, అంటే పడవ మోటార్ల టూ-స్ట్రోక్ ఆయిల్.

కాబట్టి బేరం మాట్లాడే ముందు మూడు అడగండి: ఫ్లైవీల్ తీసిన ఫోటో, గేర్ ఆయిల్ కారుతున్న ఫోటో, రెండు సిలిండర్ల కంప్రెషన్ (లోపలి ఒత్తిడి) గేజ్ రీడింగులు. రీడింగుల మధ్య పది శాతం కంటే ఎక్కువ తేడా ఉంటే వదిలేయండి. కాయిల్స్, పాయింట్లు మార్చలేదని ఒప్పుకుంటే ఆ ఖర్చు ధరలోంచి తగ్గించమనండి. మోటార్ మంచిదే, బాగు చేసుకోవచ్చు, అయితే బాగు చేసిన ధర ఇవ్వకూడదు.

ఇప్పటికే కొన్నవాళ్లు ఫ్లైవీల్ తీసేటప్పుడు అంచు పట్టి లాగే పుల్లర్ వాడొద్దు, షాఫ్ట్ మీద సుత్తితో నేరుగా కొట్టొద్దు. మధ్యలో మూడు మర రంధ్రాలుంటాయి, వాటికి బోల్టులు బిగించే పుల్లరే వాడండి. నట్‌ను షాఫ్ట్ చివరిదాకా వదులు చేసి అక్కడే ఉంచితే మరలు చెడిపోవు.