2020 ఇండీ రాక్, ఫోక్ ఆల్బమ్‌లు: ఏళ్ల తరబడి విన్నాక నిలిచినవి

డిసెంబరులో వేసే 'ఈ ఏటి మేటి' జాబితాలకు ఒక జబ్బుంది. మూడు నాలుగుసార్లు విని మార్కులు వేసేస్తాం కాబట్టి, మొదటి వినికిడికే చెవిని లాగేవి పైకెక్కి కూర్చుంటాయి. 2020లో వచ్చిన వాటిని ఇన్నేళ్లు తిప్పి తిప్పి విన్నాక నా వరస తారుమారైంది. హంగులు ఎక్కువున్నవి కొంచెం కిందికి జారాయి. గిటార్, గొంతు తప్ప పెద్దగా ఏమీ లేనిది పైకొచ్చింది.

అది ఏడ్రియన్ లెంకర్ 'సాంగ్స్'. కోవిడ్ వల్ల 2020 మార్చిలో ఆమె పాడే బిగ్ థీఫ్ బ్యాండు పర్యటన అర్ధాంతరంగా ఆగిపోయింది. ఆమె పశ్చిమ మసాచుసెట్స్‌లో ఒక్క గది ఉన్న చెక్క ఇంట్లో దిగింది. ఇంజినీర్ ఫిలిప్ వైన్‌రోబ్ టేపు యంత్రాలు మోసుకొచ్చాడు. పని అంతా అనలాగ్‌లోనే సాగింది. ఫోర్ ఏడీ సంస్థ అక్టోబరు 23న విడుదల చేసింది. పదకొండు పాటలు, నలభై నిమిషాలకు కాస్త తక్కువ. డ్రమ్స్ లేవు. ఆ గదిలో ఉంటే గిటార్ లోపల కూర్చున్నట్టుందని ఆమె అంది. రికార్డు వింటే ఆ మాట ఎందుకన్నదో తెలుస్తుంది. 'జోంబీ గర్ల్'లో పిట్టల కూత వినబడుతుంది, 'కమ్'లో వాన చప్పుడు. కొత్తవాళ్లు 'ఎనీథింగ్'తో మొదలుపెట్టడం మేలు, దాని బాణీ వెంటనే పట్టుబడుతుంది. 'ఇంగిడార్' మాత్రం పదిసార్లు విన్నాక గానీ చిక్కదు.

దీనిమీద తరచూ వినబడే ఫిర్యాదు 'వెనకాల బుస్సుమంటోంది' అని. అది టేపు హిస్, అంటే టేపుకు సహజంగా ఉండే బుస, ఫైలు పాడైపోయి కాదు. కానీ అది అవసరానికి మించి వినబడుతోందంటే చాలాసార్లు తప్పు మన సెట్టింగుల్లోనే ఉంటుంది. స్పాటిఫైలో వాల్యూమ్ నార్మలైజేషన్ (పాటలన్నిటి ధ్వనినీ ఒకే మట్టానికి తెచ్చే సెట్టింగు) ఆన్‌లో ఉంటే సాధారణంగా -14 ఎల్‌యూఎఫ్ఎస్ (వినికిడి తీవ్రతకు కొలత) దగ్గరికి సర్దుతుంది. ఆల్బమ్‌ను వరసగా వింటే పదకొండు పాటలకూ కలిపి ఒకే సర్దుబాటు. షఫుల్‌లో గానీ ప్లేలిస్టులో గానీ పెడితే ఒక్కో పాటకూ విడివిడిగా. అప్పుడు మెల్లగా ఉండాల్సిన పాట గట్టిపడుతుంది, దాంతోపాటు హిస్ కూడా లేస్తుంది. షఫుల్ ఆపండి, క్రాస్‌ఫేడ్ (ఒక పాట చివర్లోకి తర్వాతి పాటను కలిపే సెట్టింగు) సున్నాకి తెండి. నిశ్శబ్దంగా ఉన్న గదిలోనైతే ఇయర్‌ఫోన్ల నాయిస్ క్యాన్సిలేషన్ కూడా తీసేయండి, చవక రకాల్లో దాని సొంత బుస ఒకటి కలుస్తుంది.

గిటార్ మీద ఈ పాటలు పట్టాలనుకునేవాళ్లకు ఒక మాట. మామూలు ట్యూనింగ్‌లో కుస్తీ పట్టకండి. ఆమె తీగల్ని వేరే శ్రుతులకు మార్చి, కాపో (తీగలన్నిటినీ ఒకచోట నొక్కిపట్టే బిగింపు) పెట్టి వాయిస్తుంది. మామూలు ట్యూనింగ్‌లో అవే స్వరాలు దొరకొచ్చు, కానీ ఖాళీ తీగ మోగుతూ ఉండాల్సిన చోట వేలు పెట్టి నొక్కాల్సి వస్తుంది. వేలు తీయగానే మోత తెగిపోతుంది. వేళ్లన్నీ సరిగ్గా పడుతున్నా పాట ఎండిపోయినట్టు వినిపించేది అందుకే.

'సాంగ్స్'కి జంటగా వచ్చిన 'ఇన్‌స్ట్రుమెంటల్స్'లో ఉన్నవి రెండే ముక్కలు. మొదటిది ఇరవై నిమిషాలు దాటుతుంది. రోజు మొదట్లోనూ చివర్లోనూ అప్పటికప్పుడు వాయించుకున్న గిటార్ తునకల్ని కలిపి కూర్చింది. రెండోదాంట్లో ఎక్కువగా గాలిగంటలే. అందరికీ నచ్చదు. పని చేసుకుంటూ వినడానికి బాగుంటుంది, అదే పనిగా కూర్చుని వింటే రెండోది సాగుతుంది.

ఇక ఒకే నిర్మాత, ఒకే స్టూడియో నుంచి వచ్చిన రెండు రికార్డులు. టెక్సస్‌లో టోర్నిలో అనే ఊరి దగ్గరున్న సోనిక్ రాంచ్, నిర్మాత బ్రాడ్ కుక్. వాక్సహాచీ పేరుతో పాడే కేటీ క్రచ్‌ఫీల్డ్ 'సెయింట్ క్లౌడ్' మార్చి 27న వచ్చింది (కొంత భాగం న్యూయార్క్ రాష్ట్రంలోని లాంగ్ పాండ్ స్టూడియోలో రికార్డయింది). కెవిన్ మోర్బీ 'సన్‌డౌనర్' అక్టోబరు 16న. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని వింటే నిర్మాత చెయ్యి ఎక్కడ పడిందో, ఎక్కడ వెనక్కి తీసుకున్నాడో తేటతెల్లమవుతుంది. క్రచ్‌ఫీల్డ్ 2017 నాటి 'అవుట్ ఇన్ ద స్టార్మ్'లో ఎలక్ట్రిక్ గిటార్ల హోరు గొంతు మీద పడుతుండేది. 'సెయింట్ క్లౌడ్'లో ఆ హోరు తీసేసి కంట్రీ పోకడ తెచ్చారు. మద్యం మానేశాక రాసిన పాటలివి, మాటలు దాపరికం లేకుండా పడతాయి. వెనక వాయించింది బానీ డూన్ బ్యాండువాళ్లు. వాళ్ల గొప్పంతా ఎప్పుడు వాయించకూడదో తెలియడంలో ఉంది. 'ఫైర్'లో గొంతు పై స్థాయిలో ఎండుగా మొదలవుతుంది, కొందరికి అక్కడే చిరాకు పుడుతుంది. ఆ పాట దాటి 'లైలాక్స్' దాకా వెళ్లి అప్పుడు తేల్చుకోండి. 'సన్‌డౌనర్' పాటలు కాన్సస్‌లో, ఇంటి పెరటి షెడ్డులో నాలుగు ట్రాకుల టాస్కామ్ రికార్డింగ్ యంత్రం మీద పుట్టాయి. స్టూడియోకి వెళ్లినా ఆ బీదతనాన్ని పోనివ్వలేదు. అదే అందం, అదే లోపం కూడా. ఒకే నడక, ఒకే వేగం. మొదటి సగం అయ్యేసరికి చెవి అలవాటుపడి పక్కకి చూస్తుంది.

ఫ్లీట్ ఫాక్సెస్ 'షోర్'కి ఆ ఏడాది నేను మొదటి స్థానమే ఇచ్చేవాణ్ని. సెప్టెంబరు 22న, సరిగ్గా శరద్విషువత్తు (పగలూ రాత్రీ దాదాపు సమానమయ్యే రోజు) క్షణాన, అంటే ప్రపంచ ప్రామాణిక కాలం ప్రకారం 13:31కి, దాదాపు ముందస్తు ప్రకటన లేకుండా వదిలారు. పదిహేను పాటలు, యాభై ఐదు నిమిషాలు. బ్యాండు నాయకుడు రాబిన్ పెక్‌నోల్డ్ మొదటి పాటను తాను పాడకుండా ఉవాడే అనే గాయనికి ఇచ్చాడు. 'కెన్ ఐ బిలీవ్ యూ'లో వెనక వినిపించే గుంపు, ఆన్‌లైన్‌లో శ్రోతలు పంపిన వందల గొంతులది. 'గోయింగ్ టు ద సన్ రోడ్' చివర్లో బ్రెజిల్ గాయకుడు టిమ్ బెర్నార్డెస్ పోర్చుగీసులో అందుకుంటాడు. ఇంత సంపద ఉన్నా రెండో స్థానానికి ఎందుకు దిగిందంటే, తొమ్మిదో పాట తర్వాత పొరల మీద పొరలు పేరుకుని ఒకదానికొకటి తేడా తగ్గుతుంది. చిన్న స్పీకర్ల మీద అదంతా ఒకే ముద్ద. మంచి హెడ్‌ఫోన్లలో విడివిడిగా తెలుస్తుంది గానీ, ఏ పరికరం మీదైనా నిలబడే 'సాంగ్స్' ముందు అది లోటే. రెండు దఫాలుగా వింటే మాత్రం చివరి పాటలు మళ్లీ బతుకుతాయి.

ఫీబీ బ్రిడ్జర్స్ 'పనిషర్' జూన్ 18న, చెప్పిన రోజుకు ఒక రోజు ముందే వచ్చింది. దీని గురించి రాయాల్సినవన్నీ అందరూ రాసేశారు. వినైల్ కొన్నవాళ్లకు పనికొచ్చే సంగతి ఒకటుంది. చివరి పాట 'ఐ నో ది ఎండ్' గుసగుసగా మొదలై బాకాలు, కేకలతో ముగుస్తుంది. అంటే రికార్డు మొత్తంలో అత్యంత గట్టి భాగం రెండో వైపు లోపలి గాడిలో పడింది. నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే పన్నెండంగుళాల రికార్డులో అంచు దగ్గర గాడి సూది కింద సెకనుకు సుమారు 51 సెంటీమీటర్లు కదులుతుంది, లేబుల్ దగ్గరికొచ్చేసరికి 21 మాత్రమే. అంతే శబ్దం సగానికన్నా తక్కువ జాగాలో ఇరుకుతుంది. అక్కడ కేకలు చిరిగిన గుడ్డలా గరగరమంటే రికార్డు మార్చమని గొడవపడే ముందు కార్ట్రిడ్జ్ (సూదిని పట్టుకునే భాగం) అలైన్‌మెంట్ ప్రొట్రాక్టర్‌తో సరిచూడండి, ట్రాకింగ్ బరువు (సూది గాడిని నొక్కే బరువు) తయారీదారు చెప్పిన అంకెకు తెండి. శంఖాకార సూది తీసి సన్నటి మొనుండే మైక్రోలైన్ సూది పెడితే గరగర చాలావరకు తగ్గుతుంది. ఆ కేకల్లో కొంత చీలిక కావాలని పెట్టిందే కాబట్టి పూర్తిగా పోదు. డిజిటల్‌తో పోల్చి చూసుకోవాలి.

మిగిలింది బిల్ క్యాలహన్ 'గోల్డ్ రికార్డ్'. డ్రాగ్ సిటీ సంస్థ వారానికొక పాట చొప్పున వదులుతూ సెప్టెంబరు 4కి ఆల్బమ్ పూర్తిచేసింది. పది పాటలు, పదీ చిన్న కథలే. మొదటి కథ 'పిజన్స్'లో పెళ్లి జంటను తీసుకెళ్లే లిమో డ్రైవరు మాట్లాడతాడు. జానీ క్యాష్‌గా పరిచయం చేసుకుని ఎల్. కోహెన్‌గా సంతకం పెడతాడు, రెండూ పేరుమోసిన గాయకుల పేర్లే. రెండోసారికి నవ్వు రాదు, ఇరవయ్యోసారికి మళ్లీ వస్తుంది. 1999 నాటి తన పాత పాట 'లెట్స్ మూవ్ టు ద కంట్రీ'ని కూడా ఇందులో మళ్లీ పాడాడు. ఫోన్ స్పీకర్ మీద మాత్రం దీన్ని వినకండి. అతని గొంతు బరువంతా 200 హెర్ట్జ్ కింద, అంటే మంద్ర స్వరాల్లో ఉంటుంది, ఫోన్లు సరిగ్గా అక్కడే చేతులెత్తేస్తాయి. పిట్టకథ చెప్పే మనిషి వెళ్లిపోయి పేపరు చదివే మనిషి మిగులుతాడు.