బ్లాక్ విడో భయంతో జిగురు అట్టలు కొంటున్నారా? ముందు ఇది చదవండి

అరిజోనాలో ఫీనిక్స్, ఛాండ్లర్ వైపు ఇల్లు కొన్న మన వాళ్లలో చాలామంది గరాజ్‌లో మొదటిసారి బ్లాక్ విడో అనే విషపు సాలెపురుగు కనపడగానే హోమ్ డిపో కొట్టుకి పరిగెత్తి జిగురు అట్టల ప్యాకెట్టు తెచ్చుకుంటారు. ధర తక్కువ, మందు వాసన లేదు, పెట్టి మర్చిపోవచ్చు. సరుకు మంచిదే. కాకపోతే కొనేది ఒకదానికోసం, పట్టేది ఇంకోదాన్ని.

ఆడ విడో వేటకి తిరగదు. గూట్లోనే తలకిందులుగా వేలాడుతూ పురుగు వచ్చి పడేదాకా కాచుకుంటుంది. అలా కదలకుండా కూర్చున్నదానికి నేలమీద అట్ట పరిచి ఏం లాభం? ఎప్పుడైనా అట్టకి చిక్కేది ఆడదాన్ని వెతుక్కుంటూ బయల్దేరిన బక్కపల్చని గోధుమరంగు మగది. అది పడిందంటే దగ్గర్లో ఆడది ఉందేమో చూసుకోవాలి.

అట్ట అసలు పనితనం ఇంకో విషపు సాలెపురుగు జాతి అయిన రెక్లూస్‌ల దగ్గర తెలుస్తుంది. అరిజోనాలో ఉండేవి ఎడారి రెక్లూస్, దాని దగ్గరి చుట్టాలు. అందరూ పేరు చెప్పి భయపెట్టే అసలు బ్రౌన్ రెక్లూస్ సొంత ఊరు ఇది కాదు. ఇవి రాత్రిపూట గోడవారన నడుస్తూ నేరుగా అట్టలోకి వచ్చేస్తాయి. ఇరుక్కున్నది కదలదు గనక ఫోన్ కెమెరాతో దగ్గరగా ఫొటో తీసి పోల్చుకోవచ్చు. చాలా సాలెపురుగులకి ఎనిమిది కళ్లుంటే దీనికి ఆరే, అవీ రెండేసి చొప్పున మూడు జతలు. కాళ్లన్నీ ఒకటే రంగు, వాటిమీద ముళ్లు గానీ పట్టీలు గానీ ఉండవు. వీపుమీద వయొలిన్ గుర్తు కోసం వెతక్కండి, ఎడారి రకాల్లో అది సరిగ్గా కనపడదు. కాళ్లమీద చారలుంటే అది రెక్లూస్ కాదు.

అట్టని పరిచి వదిలేయకుండా గొట్టంలా మడిచి, ఒక పక్క గోడకి పూర్తిగా ఆనేలా పెట్టాలి. గోడకి దూరంగా జరిపితే పట్టడం తగ్గిపోతుంది. రెండు కార్ల గరాజ్‌కి ఆరు చాలు: పెద్ద తలుపుకి రెండు మూలలా, వాటర్ హీటర్ వెనక, అట్టపెట్టెల దొంతర వెనక, ఇంట్లోకి వెళ్లే తలుపు పక్కన, ఆరోది తప్పకుండా చెప్పుల స్టాండు కింద. మనకి చెప్పులు గరాజ్‌లో విడిచే అలవాటు కదా, రాత్రంతా అక్కడున్న బూట్లు దులపకుండా కాలు పెట్టకూడదు. పెట్టిన తేదీ అట్టమీద రాయండి. జూలై, ఆగస్టు దుమ్ము తుఫాన్ల తర్వాత అగ్గిపుల్లతో జిగురు తాకి చూడాలి. పుల్ల అంటుకోలేదంటే జిగురుమీద దుమ్ము పొర కట్టినట్టే, పారేయండి. ఆరుబయట మాత్రం పెట్టొద్దు, బల్లులూ పిట్టలూ చిక్కుకుంటాయి. బల్లి ఇరుక్కుంటే వంటనూనె కొద్దికొద్దిగా పోస్తే వదులుతుంది.

మరి విడోకి ఏం చెయ్యాలి? మంచి టార్చి, పొడుగు పుల్ల. చీకటి పడ్డాక గంటన్నరకి గోడల అడుగులు, బార్బెక్యూ కింద, డ్రిప్ వాల్వుల పెట్టె, కరివేపాకు కుండీ అంచు కింద వెతకండి. చలికాలం మంచుకి భయపడి ఆ కుండీ గరాజ్‌లోకి తెచ్చేటప్పుడు మరీనూ. ఇంట్లో బూజు దులిపితే మెత్తగా కర్రకి చుట్టుకుంటుంది. విడో గూడు అలా కాదు, పుల్లతో లాగితే పటపటమని తెగుతుంది. ఆ చప్పుడు ఒకసారి వింటే మర్చిపోరు. ఆడదాని ఒళ్లు సుమారు సెంటీమీటరున్నర, నిగనిగలాడే నలుపు, పొట్టకింద ఎర్రని ఇసుక గడియారం గుర్తు. దాని పిల్లలు మాత్రం తెలుపు, గోధుమ చారలతో ఉంటాయి, నల్లగా ఉండవు. తల్లిని చంపి ఊరుకుంటే సగం పనే. గూట్లో మీగడ రంగు కాగితపు ఉండలా కనిపించే సంచిలో వందలకొద్దీ గుడ్లుంటాయి, దాన్నీ నలిపేయాలి. గ్లోవ్స్ లేకుండా చెయ్యి పెట్టొద్దు.

ఇంటిచుట్టూ నెలనెలా కొట్టించే మందుమీద పెద్ద ఆశ పెట్టుకోకండి. సాలెపురుగు కాళ్ల కొనలమీద నడుస్తుంది, ఎండిన మందు దాని ఒంటికి అంటేది తక్కువ. నేరుగా ఒంటిమీద పడితేనే ఖాయం.

అదే డబ్బుతో గరాజ్ తలుపు కింది రబ్బరు మార్చండి, ఎక్కువ మార్కులు దానికే. పగలు లోపల దీపం ఆర్పి చూడండి, మూలల్లో వెలుతురు కనపడిందంటే ఎండకి రబ్బరు బిగుసుకుపోయింది. 16 అడుగుల తలుపైతే దానికంటే కాస్త పొడుగు ముక్క కొని, సబ్బునీళ్లు రాస్తూ గాడిలోకి లాగి, మిగిలింది కత్తిరించాలి. పక్క తలుపు అడుగున బిగించే పట్టీ (స్వీప్) గడపని అలా తాకాలి అంతే. నొక్కితే తలుపు ఈడ్చుకుంటుంది, రబ్బరు చిరుగుతుంది. ఉత్సాహం ఎక్కువై స్టకో (సిమెంటు పూత) గోడ అడుగున ఉండే సందుని సిలికాన్‌తో మూసేయకండి, గోడలోకి దిగిన నీళ్లు బయటికి పోయేది అక్కణ్ణించే.

సాలెపురుగు కరిస్తే సబ్బుతో కడిగి చల్లని కాపడం పెట్టండి, కొయ్యడం, పీల్చడం వద్దు. 1-800-222-1222 పాయిజన్ కంట్రోల్ నంబరు, పగలూ రాత్రీ ఉచితం. కండరాలు పట్టేసినా, పొట్ట గట్టిపడినా, చెమటలు పట్టినా ఫోనుతో ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

అట్టలకి 5కి 3. రబ్బరుకి 5కి నాలుగున్నర, ఆ అర తగ్గించింది ఈ ఎండకి మళ్లీ మార్చాల్సి వస్తుంది గనక.